బీరువాలో గొంతు

మే 6, మంగళవారం

ఇన్నేళ్ళూ మనసులో ఏమున్నా దేవుడి ముందు కూర్చుని చెప్పుకున్నాను. కాగితం అవసరం రాలేదు. ఇవాళ కూర్చున్నాను, కళ్ళు మూసుకున్నాను, మాట రాలేదు. చెప్పడానికి సిగ్గేసింది. దేవుడికే చెప్పలేనిది మనుషులకి ఎలాగూ చెప్పలేను. అందుకే ఈ నోటుబుక్కు. ఇంతకుముందు నేను కూర్చుని ఇంత రాసింది హైస్కూలు పరీక్షల్లోనే.

విషయం చిన్నదే. విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. మెడలో ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. అత్తయ్య చూసీ చూడగానే చెవులమ్మాయి అని పేరు పెట్టేసింది. ప్రభుత్వం కొత్త విధానం తెస్తోందట. ఫోన్లో వినే ప్రతి కథ పక్కనా, చదివింది మనిషా యంత్రమా అని గుర్తు వెయ్యాలి. మనిషి గొంతుని అడగకుండా ఎవరూ వాడకూడదు. అసలు వినేవాళ్ళు ఆ తేడా పట్టగలరా లేదా అని ఈ అమ్మాయి పరీక్ష పెడుతోంది. అందుకని కథల యాప్‌లో చదివేవాళ్ళ దగ్గర తలా ఒక కథ తీసుకుంటోంది. మా ఇంట్లో చదివేవాళ్ళం ఇద్దరం. నేను, మా మరిది భార్య. ఇంట్లో ఆమెని చిన్నది అంటాం.

ముందు మొదలుపెట్టింది నేను. "అక్కా, నేనూ చదవనా?" అని వస్తే మైకు నోటికి ఎంత దూరంలో పెట్టుకోవాలో నేర్పింది కూడా నేనే.

చెవులమ్మాయి ముందు నాది విన్నది. "చాలా శుభ్రంగా ఉందండీ" అంది. తర్వాత చిన్నదానిది పెట్టుకుంది. సగంలో కుర్చీలోంచి లేచి నిలబడింది. "అబ్బ, ఎంత ప్రాణం ఉందండీ ఈ గొంతులో!" అంది.

శుభ్రం. అది గిన్నెలకి అనే మాట.

నాకేం అసూయ లేదు. ఉన్నమాట రాసుకున్నాను, అంతే.

మే 7

పొద్దున్న అందరి కోసం ప్రార్థించాను. చిన్నదాని కోసం కూడా. కొంచెం పొట్టిగా.

మే 11, ఆదివారం

మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్నారు. నేను బీరువాలోంచి ఇప్పుడే బయటికి వచ్చాను.

మా పడకగదిలో చెక్క బీరువా ఉంది. ఒక వైపు బట్టలు తీసేసి, కంబళ్ళు వేలాడదీసి, కింద పీట వేసుకున్నాను. తలుపు దగ్గరగా వేసుకుంటే బయటి చప్పుడు రాదు. బీరువా వీపు వంటింటి వైపు ఉంటుంది. మధ్యలో ఇటుక గోడ కాదు, పలచటి చెక్కల అడ్డు. అందుకే వంటింట్లో గిన్నెల మోత లేని వేళ చూసుకుని చదువుతాను. వాక్యం తడబడితే "దేవుడా, క్షమించు" అనుకుని మళ్ళీ మొదటి నుంచి. పిల్లలు వినే కథ, తప్పు మాట వాళ్ళ చెవిలో పడకూడదు.

అసలు పని ఆ తర్వాత. బల్ల దగ్గర కూర్చుని ఒక్కో ఊపిరీ కత్తిరిస్తాను. గుటక, పెదాల చప్పుడు, గొంతు సవరింపు, అన్నీ. నా ఊపిరి పరాయివాళ్ళకి వినపడితే తల దువ్వుకోకుండా వీధిలోకి వెళ్ళినట్టు ఉంటుంది నాకు. పూర్తయ్యాక ముందు చదివినది చెరిపేస్తాను. తొక్కలు ఎవరు దాచుకుంటారు?

చిన్నది వంటింటి బల్ల మీద ఫోను నిలబెట్టి చదువుతుంది. చదవడం కూడా కాదు, నోటికొచ్చింది చెప్పుకుంటూ పోతుంది. కూర మాడితే "అయ్యో పిల్లలూ, ఉండండి, రాజుగారిని అక్కడే నిలబెట్టి వస్తా" అని పొయ్యి కట్టేసి వస్తుంది. అది కూడా అలాగే పెట్టేస్తుంది. దాన్ని జనం వింటారు!

అత్తయ్య భోజనం అయ్యాక ఇద్దరివీ వింటుంది. ఇవాళ అడిగాను, "నాది ఎలా ఉంది అత్తయ్యా?"

"నీదా? మంచి మందు. పెట్టుకుంటే రెండు నిమిషాల్లో నిద్ర పట్టేస్తుంది."

"మరి చిన్నదానిది?"

"దానిది పెట్టుకుంటే ఇక నిద్రెక్కడిది!"

పడుకోబెట్టే కథకి నిద్ర పట్టడమే కదా కావలసింది. ఆ మాట నేను పైకి అనలేదు.

చిన్నది గిన్నెలు తుడుస్తూ ఏదో అడిగింది. తన దాంట్లో నా గొంతు పడుతోందో ఏదో, తీసెయ్యనా ఉంచనా అని. నా మనసు అత్తయ్య మాట మీదే ఉంది. "నీ ఇష్టం" అన్నాను.

మే 14

నేను చిన్నదాని కథలు వినను. వినాల్సిన పని ఏముంది?

ముసలి ఒంటె కథ మాత్రం బాగా సాగదీసింది. నిన్నటి దాంట్లో నవ్వు మూడు చోట్ల అనవసరం. అత్తయ్య గదిలోంచి వినపడినంత మట్టుకే చెప్తున్నాను.

మే 22, గురువారం

చెవులమ్మాయి వచ్చింది. ఈసారి హెడ్‌ఫోన్లు సంచీలో పెట్టుకుంది. కాఫీ ఇచ్చాను, తాగకుండా గ్లాసు తిప్పుతూ కూర్చుంది.

"అమ్మా, పరీక్ష ఫలితాలు వచ్చాయి."

"చెప్పమ్మా."

"మీ కథ విన్నవాళ్ళలో చాలామంది... యంత్రం గొంతు అన్నారు."

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. మా ఆయన పేపరు దించి చూశాడు.

"ఎక్కడా ఊపిరి లేదు కదండీ, అందుకని. మనిషి ఊపిరి తీసుకోకుండా అంతసేపు మాట్లాడలేడని వాళ్ళు అనుకున్నారు. నేను ఈ పరీక్ష పరిశోధన కోసమే చేశాను, నన్ను నమ్మండి. కానీ యాప్ వాళ్ళు ఈ ఫలితాల జాబితానే తీసుకుని గుర్తులు వేసేశారు. నిబంధన అమల్లోకి వచ్చే తేదీ దగ్గర పడిందని తొందరపడ్డారు."

యాప్ తెరిచి చూశాను. నా కథలన్నింటి పక్కనా గుర్తు ఉంది. యంత్ర స్వరం.

చిన్నదాని కథల పక్కన, మనిషి స్వరం.

ఆమె వెళ్ళాక మా ఆయన, "పోనీలే, యంత్రమంత బాగా చదివావన్నమాట" అన్నాడు. ఓదార్పు అనుకుని అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురం, ఓదార్చడం ఇంకా రాలేదు ఆయనకి.

మే 23

ఉదయం దేవుడి ముందు గట్టిగా ఊపిరి తీసుకున్నాను. వినపడేలాగా.

మే 27, మంగళవారం

వినేవాళ్ళు తగ్గిపోతున్నారు. అది సరే. ఇవాళ ఒక తల్లి రాసిన మాట చూశాను. "మా బాబు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఈ గొంతు వింటేనే నిద్రపోయాడు. ఎవరో పెద్దావిడ వాడి కోసం కూర్చుని చదువుతోందని చెప్పేదాన్ని. యంత్రమని ఇప్పుడు తెలిసింది. వాడికి ఏం చెప్పను?"

జవాబు రాద్దామనుకున్నాను. "నేను మనిషినే" అని రాసి చూసుకున్నాను. ఏ యంత్రమైనా ఆ మాట రాయగలదు. చెరిపేశాను.

చిన్నది వచ్చి పక్కన కూర్చుంది. "ఇదేం అన్యాయం అక్కా! నువ్వు యంత్రమేంటి, ఈ ఇంట్లో అలిసిపోయేది నువ్వొక్కదానివే" అంది. చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి నేను తీసుకున్నాను, పొయ్యి మీద పాలు ఉన్నాయని. పాలు లేవు.

మే 30, శుక్రవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం అత్తయ్య ఫోన్లో చిన్నదాని కథ నడుస్తోంది. నేను బట్టలు మడత పెడుతున్నాను. రాజుగారు గుర్రం ఎక్కుతున్నాడు, వెనకాల నుంచి ఇంకో గొంతు. సన్నగా, గోడ అవతలి నుంచి. "దేవుడా, క్షమించు. మళ్ళీ." ఆగి, ఊపిరి పీల్చి, అదే వాక్యం. మళ్ళీ తప్పు. మళ్ళీ "దేవుడా, క్షమించు."

నా గొంతు. నేను చెరిపేసిన తొక్కలన్నీ.

"ఇదేంటి అత్తయ్యా?"

"గోడత్త!" అంది అత్తయ్య, నవ్వుతూ. "ఏం, నీకు తెలీదా? జనమంతా నీకు పెట్టిన పేరే. ఇవాళ గోడత్త వాక్యం ఒప్పగించిందా లేదా అని పందేలు కూడా వేసుకుంటున్నారు. నేనూ వేస్తా."

"ఎవరితో?"

"మీ మామయ్య ఫొటోతో. ఆయన ఎప్పుడూ నీ వైపే, అందుకే ఓడిపోతుంటాడు."

కింద జనం రాసినవి చూశాను. గోడత్త ఇవాళ మూడోసారికి గెలిచింది. గోడత్త దగ్గుతోంది, జలుబు చేసిందా? గోడత్త కోసమే వింటున్నాం.

నా ఇంట్లో, నా బీరువాలో, నా దేవుడితో నేను అనుకున్న మాట. దాంతో ఆమె పేరు తెచ్చుకుంది. నేను కడిగి, తుడిచి ఇచ్చినదాన్ని జనం యంత్రం అన్నారు. నేను పారేసిన దాన్ని ఆమె ఏరుకుంటే, ప్రాణం అన్నారు.

కొత్త నిబంధనలో ఉంది కదా, అడగకుండా ఎవరి గొంతూ వాడకూడదని. చెవులమ్మాయే చెప్పింది. యాప్‌లో ఫిర్యాదు చేసే చోటు ఉంది. చేశాను. నా ఒప్పుకోలు లేకుండా నా గొంతు వాడారని. ఫిర్యాదు చేసింది ఎవరో అవతలివాళ్ళకి చెప్పరట.

ఇది అసూయ కాదు. హక్కు.

జూన్ 3

చిన్నదాని కథలన్నీ ఆపేశారు. విచారణ అయ్యేవరకు ఎవరికీ వినపడవు, ఆమెకి కూడా.

ఆమె వంటింట్లో ఫోను పట్టుకుని నిలబడింది. "చూడక్కా, ఎవరో 'గోడత్త నేనే' అని ఫిర్యాదు పెట్టారట! గోడత్తవి నువ్వు కదా! నీ పేరు చెప్పుకుని తిరిగే దొంగ ఎవరో!"

"ఎవరో ఏమో" అన్నాను. నా గొంతులో వణుకు లేదు. యంత్రంలాగే వచ్చింది మాట.

అత్తయ్య రోజంతా విసుక్కుంది. మధ్యాహ్నం నా కథ పెట్టుకుని పడుకుంది. ఈసారి నిద్ర పట్టలేదట.

జూన్ 4

ప్రార్థనకి కూర్చోలేదు. మోకాలు నొప్పి.

జూన్ 6, శుక్రవారం

మోకాలు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు.

చెవులమ్మాయి పరుగున వచ్చింది. గుర్తు తప్పని అనుకునేవాళ్ళు అప్పీలు చేసుకోవచ్చట. అలాంటివి వినడానికి ఒక కమిటీ ఉందట. నా సంగతి ఆమే రాసి పంపింది, తేదీ కూడా ఇచ్చారు.

"మీరు కత్తిరించకముందు చదివినవి ఉంటే చాలమ్మా. తడబాట్లు, ఊపిరి, అవే సాక్ష్యం. ఒక్కటి చాలు."

"చెరిపేస్తాను."

"అన్నీనా?"

"అన్నీ."

"అక్కడే చదివి వినిపిస్తాను అంటే?" అని మళ్ళీ నేనే అడిగాను.

"ఇప్పుడు చదవగలరని తెలుస్తుంది గానీ, ఆ పాత కథలు మీరే చదివారని తెలియదు కదండీ."

అప్పుడు చిన్నది ఎగిరి గంతేసింది. "నా దగ్గర ఉన్నాయి! నా కథల్లో వెనకంతా అక్కే. అక్క ఏ రోజు ఏ కథ చదివిందో, ఎక్కడ ఎన్నిసార్లు తడబడిందో, అన్నీ ఉన్నాయి. ఆ వాక్యాలే అక్క కథల్లో ఉంటాయి, కమిటీని పోల్చి చూసుకోమను!"

చెవులమ్మాయి ముఖం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది. "కానీ మీ కథలు ఆపేశారు కదా. ఫోన్లో ఉన్నాయా?"

"ఫోన్లో చోటు చాలక పెట్టీ పెట్టగానే తీసేస్తా. యాప్‌లోవే ఉన్నవి."

"అయితే ఫిర్యాదు తేలేదాకా కమిటీకి కూడా ఇవ్వరు. ఫిర్యాదు చేసినవాళ్ళు వెనక్కి తీసుకుంటే తప్ప."

చిన్నది నా వైపు చూసింది. మామూలుగానే చూసింది. తర్వాత లేచి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎప్పుడూ అంత నెమ్మదిగా నడవదు.

జూన్ 7

ఎవరికీ తెలియకుండా వెనక్కి తీసుకోవచ్చు. యాప్‌లో ఒక్క నొక్కు. ఎవరు చేశారో, ఎందుకు తీసుకున్నారో చిన్నదానికి తెలిసే దారి లేదు. నా గుర్తు పోతుంది, ఆమె కథలు తిరిగి వస్తాయి. అందరికీ మంచిదే.

వేలు పెట్టాను. నొక్కాను. పని అయిపోయింది.

అంతే. ఇంక రాయడానికి ఏమీ లేదు.

జూన్ 8, ఆదివారం

ఈ నోటుబుక్కు మొదటి నుంచి చదువుకున్నాను. మే 11 దగ్గర ఆగాను.

ఆమె అడిగింది. తీసెయ్యనా ఉంచనా అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాను. నా చేత్తో నేనే రాసుకున్నాను. అదే చేత్తో అడగలేదని ఫిర్యాదు పెట్టాను.

వంటింట్లోకి వెళ్ళాను. చిన్నది బెండకాయలు తరుగుతోంది. నేనూ కత్తిపీట ముందు కూర్చోబోయి, నిలబడే చెప్పాను.

"ఆ ఫిర్యాదు పెట్టింది నేనే."

కత్తి ఆగలేదు. "తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు కాదు. తర్వాత, ఫిర్యాదులో ఏం రాశారో నాకు పంపారు. 'అయ్యా, మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు మన్నించాలి' అని మొదలైంది. పగవాళ్ళ మీద ఫిర్యాదు పెడుతూ మన్నించమనేది ఈ లోకంలో నువ్వు కాక ఇంకెవరక్కా?"

నాకు నవ్వు రాలేదు. ఆమెకీ రాలేదు.

"మరి ఆ రోజు చెవులమ్మాయి ముందు ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు చెప్తావేమో చూద్దామని. నిన్న కథలు తిరిగొచ్చాయి. అప్పుడూ చూశా. భోజనం దగ్గర పచ్చడి వెయ్యనా అన్నావు."

"కోపం ఉందా?"

"ఉండదా? వినే పిల్లలందరూ మాయమైపోయినట్టు అనిపించింది ఆ మూడు నాలుగు రోజులు. ఇప్పుడూ ఉంది. వంట అయ్యేదాకా ఉంటుంది, తర్వాత సంగతి తర్వాత." ఒక బెండకాయ ముదిరింది, విరిచి పక్కన పడేసింది. "ఇంకోటి చెప్పనా? నీ గొంతు తీసెయ్యాలని నేనూ చూశా, నాకే కుళ్ళొచ్చి. ప్రతివాడూ గోడత్త ఏదీ, గోడత్త ఏదీ. కథ చెప్పేది నేనా, గోడా?"

"మరి తియ్యలేదేం?"

"ఒక రోజు తీసి చూశా. కథ బోసిగా ఉంది. కట్టుడు పళ్ళు తీసేసిన అత్తయ్యలాగా."

"వినపడుతోందే!" అని అత్తయ్య అవతలి గదిలోంచి అరిచింది.

నేను కూర్చుని మిగతా కాయలు తరిగాను. కూరలో ఉప్పు ఎక్కువైంది. ఇద్దరం వేశాం.

జూన్ 19, గురువారం

కమిటీ గదిలో పొడుగు బల్ల, చల్లటి గాలి. పెద్దాయన ఒకాయన, ఇద్దరు ఆడవాళ్ళు. చిన్నది నా పక్కనే కూర్చుంది. కోపం పూర్తిగా పోలేదు, బస్సులో కిటికీ వైపు సీటు నాకు ఇవ్వలేదు. కానీ వచ్చింది.

రాజుగారు గుర్రం ఎక్కే కథ పెట్టారు. గదంతా చిన్నదాని నవ్వు. ఆ వెనక నేను. "దేవుడా, క్షమించు. మళ్ళీ." నా కథలో ముసలి తల్లి కొడుకుని పిలిచే వాక్యం, నాలుగుసార్లు. నాలుగోసారికి నా గొంతు పూడుకుపోయింది. అది నాకు గుర్తే లేదు. గదిలో వాళ్ళు విన్నారు. తర్వాత నేను కత్తిరించి పెట్టిన కథ, అదే వాక్యం. గాజులాగా ఉంది. మొదటిసారి నాకే అనుమానం వచ్చింది, చదివింది నేనేనా అని.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చాలండి" అన్నాడు.

గుర్తు తీసేస్తారు. చెవులమ్మాయి బయటికి వచ్చాక చెప్పింది, వినేవాళ్ళ చెవి ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకుని ఎవరికీ ఏ గుర్తూ వెయ్యకూడదని తన నివేదికలో రాస్తుందట. ఎంత శుభ్రంగా ఉన్నా, అని కూడా కలుపుతానంది. ఆ మాట ఈసారి గిన్నెలకి అన్నట్టు లేదు.

జూన్ 22, ఆదివారం

ఇవాళ ప్రార్థనకి కూర్చున్నాను. చిన్నదాని కోసం పొడుగ్గానే ప్రార్థించాను. మధ్యలో ఒకసారి గుర్తొచ్చింది, ఆమె వినేవాళ్ళు మళ్ళీ పెరిగారని. అక్కడ తడబడ్డాను. "దేవుడా, క్షమించు" అనుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఆస్పత్రి బాబు తల్లి మళ్ళీ రాయలేదు. ఆమె కోసం కొత్త కథ ఒకటి చదివి పెట్టాను. ఊపిరి కత్తిరించలేదు. పెట్టాక విని, సిగ్గుతో తల పట్టుకున్నాను. కింద ఎవరో రాశారు, "బాగుంది, కానీ గోడత్త ఇంకా బాగుంటుంది." ఇప్పుడు ఆ గోడత్త మీద కూడా కుళ్ళే. ఏం చెయ్యను, ఇది ఒక్క పూటలో పోయే జబ్బు కాదు.

నోటుబుక్కులో కాగితాలు ఇంకా మిగిలాయి కానీ ఇంక రాయను. దేవుడితో మాటలు కలిశాయి. దీన్ని బీరువాలో, కంబళ్ళ వెనక, పీట కింద పెడుతున్నాను.

చెల్లీ, నేను పోయాక ఆ బీరువా ఖాళీ చేసేది నువ్వే. ఇది నీకు దొరుకుతుంది. పారెయ్యకు. మా ఆయనకి గానీ, పిల్లలకి గానీ, ఏ పరిశోధన వాళ్ళకి గానీ చూపించకు. నువ్వు చదువుకో, ఆ పీట మీద కూర్చుని, తలుపు దగ్గరగా వేసుకుని. పైకి మాత్రం చదవకు. ఆ గోడ సంగతి నీకు తెలుసు.